గుమ్మం వెడల్పు చేసిన రోజు

అత్తగారి గది తలుపు మూసుకోవడం లేదు. పొద్దున మూసుకుంది. పనివాళ్లు గోడ కోసే మెషీను పెట్టేముందు, దుమ్ము లోపలికి పోకుండా తానే కదా మూసింది, వేలితో అలా తోస్తే చాలు, సాఫీగా వెళ్లి చట్రంలో కూర్చుంటుంది, ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అంతే, గాలి కొట్టినా మూసుకునే తలుపు. ఇప్పుడు భుజం ఆనించి నెట్టినా పై మూల ఎక్కడో తగులుకుని ఆగిపోతోంది. చెక్క ఉబ్బిందేమో. వానలుంటే చెక్క ఉబ్బుతుంది, వానలు పోయి ఎన్నాళ్లయింది. కీలు వదులైందేమో. ఆమె వంగి కింది కీలు చూసింది, స్టూలు ఎక్కి పై కీలు చూసింది, మేకులన్నీ బిగుతుగానే ఉన్నాయి. తలుపు తిన్నగానే ఉంది. వంగింది చట్రం. చట్రం వంగితే గోడ వంగినట్టు, గోడ వంగితే... ఆ వాక్యం అక్కడే ఆపేసింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, సగంలో ఆగిన వాక్యం కంటపడితే చేతిలో పెన్ను ఊరుకోదు, కాని ఈ ఒక్క వాక్యాన్ని పూర్తి చేసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆ గదికి ఆనుకునే బాత్‌రూమ్. చక్రాల కుర్చీ పట్టేటట్టు గుమ్మం వెడల్పు చేయాలి, నేల దిగువ చేయాలి, పట్టుకోవడానికి కడ్డీలు బిగించాలి, అదీ పని. వచ్చిన ఇద్దరు పనివాళ్లూ భోజనానికని వెళ్లి ఇంకా రాలేదు. దుమ్ము కాస్త అణిగాక ఊడ్చి పెడదామని చీపురు పట్టుకుని వెళ్లినప్పుడు చూసిందామె. గుమ్మానికి ఒకవైపు ఇటుకలు తీశారు, సరే. రెండోవైపు ఇటుకలు లేవు. అక్కడ కాంక్రీటు, బూడిదరంగులో, దాన్ని మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా కేకు కోసినట్టు కోసుకుంటూ పోయారు. లోపల ఇనుప చువ్వలు. వాటినీ కోశారు. పాత తుప్పు మధ్య కోసిన మొనలు తెల్లగా, తడిగా ఉన్నట్టు మెరుస్తున్నాయి. గోడలో ఇనుము ఎందుకుంటుంది? గోడలో ఉండదు, పిల్లరులో ఉంటుంది. చీపురు చేతిలోనే ఉంది. ఊడవడానికి వచ్చింది కాబట్టి ఊడ్చింది కూడా, కాసేపు, ఏం చేస్తోందో తెలియకుండా, పిల్లరు పొడిని చేటలోకి ఎత్తి బకెట్టులో పోసింది. పిల్లరు పొడి. ఆ మాట మనసులోకి వచ్చాక చేట అక్కడే వదిలేసింది.

ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుని హాల్లో నిలబడి ఉంది. మేస్త్రీకి చేస్తే మోగుతోంది, మోగి మోగి ఆగిపోతోంది, మూడోసారికి మోగీ మోగకముందే కట్టయింది, అంటే చూశాడన్నమాట, చూసి నొక్కేశాడన్నమాట. భర్తది శీతల గిడ్డంగిలో పని, డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను లాకరులో ఉంటుంది. ఇక మిగిలింది ప్రెస్సు యజమాని చెల్లెలు, కట్టడాల ఇంజనీరు. పని మొదలుపెట్టకముందే చెప్పాడాయన, మా చెల్లికి ఒకసారి చూపించుకో తల్లీ అని, నంబరు కూడా ఇచ్చాడు. బాత్‌రూమ్ పనికి ఇంజనీరేమిటి, ఆవిడ పెద్ద పెద్ద వంతెనలు చూసే మనిషి, మనింటి మరుగుదొడ్డి చూడమని పిలుస్తామా అని మొహమాటపడింది. ఇప్పుడు ఆ మొహమాటం ఏ మూలకు పోయిందో, ఫోటో తీసి పంపించేసింది, చువ్వలు, కోత, తలుపు పై మూల, అన్నీ. సందేశం పక్కన ఒకే గీత. ఆవిడింకా చూడలేదు. చూస్తుంది. చూసి, ఏం ఫర్వాలేదమ్మా, అది ఉత్త అలంకారపు పిల్లరు అంటుంది. అలంకారపు పిల్లర్లు ఉంటాయా? ఉంటాయేమో. ఉండాలి.

టిక్ అని వినిపించింది. గడియారం కాదు. గడియారం వంటింట్లో ఉంది, ఈ చప్పుడు బాత్‌రూమ్ వైపు నుంచి. మళ్లీ వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది. రాలేదు. బియ్యం చేటలో పోసినట్టు సన్నగా ఏదో రాలిన చప్పుడు మాత్రం వచ్చి, ఆగింది.

ఆ మేస్త్రీ మొదటి రోజు వచ్చి సోఫా అంచున వినయంగా కూర్చుని అక్కా అన్నాడు. అక్కా అంటే ఆమె కరిగిపోతుంది, తోడబుట్టినవాళ్లెవరూ లేరు. భర్తతో పనిచేసే ఒకాయన బావమరిదికి తెలిసిన మనిషి, అంతే, అంతకుమించి అతని గురించి తెలిసిందేమీ లేదు, అయినా ఇంత పొడుగు చుట్టరికం వినగానే తెలిసిన మనిషే అనిపించింది. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది. అడిగింది నిజంగానే, ఎవరూ కాదనలేరు. పనిచేసేది మీరా, మనుషుల్ని పంపిస్తారా? నేను చూసుకుంటానుగా అక్కా. గోడ తొలిచేటప్పుడు ఏది గోడో ఏది పిల్లరో ఎవరు చూస్తారు? నేను చూసుకుంటానుగా. కింద ఇంకో కాపురం ఉంది, వాళ్లకు తడి దిగకుండా? అన్నీ నేను చూసుకుంటానుగా అక్కా, మీరు టెన్షన్ పడకండి. అతను వెళ్లాక లోపలి గదిలోంచి అత్తగారు, వెళ్లాడా చూసుకుంటాగారు అంది, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు, అప్పటి నుంచీ అతని పేరు అదే అయిపోయింది. అన్ని ప్రశ్నలూ వేసింది, ఒక్కదానికీ జవాబు రాలేదు, రాలేదని తెలియనివ్వకపోవడంలోనే ఉంది అతని నేర్పంతా. ముందు చేసిన పని చూపించమంటే ఫోనులో ఫోటోలు చూపించాడు, మెరిసే టైల్స్, మెరిసే కుళాయిలు, వేలితో గబగబా తోస్తూ. అందులో ఒక వాష్‌బేసిన్ అంచున చిన్న తెల్ల కాగితం అంటించి ఉంది. అప్పుడు కన్ను దాని మీద నిలవలేదు, ఇప్పుడు కళ్లు మూసుకుంటే అదొక్కటే కనిపిస్తోంది. ధర చీటీ అది. ఎవరి ఇల్లూ కాదు, దుకాణం. కామాకీ ఫుల్‌స్టాపుకీ తేడా రాత్రింబవళ్లు చూసే కళ్లు, పాల ప్యాకెట్టు మీద తేదీని రెండుసార్లు చదివే కళ్లు, దుకాణాన్ని ఇల్లనుకున్నాయి. కళ్ల తప్పేం కాదు. నమ్మాలనిపించింది. ఎవరో ఒకరు చూసుకుంటానంటే హాయిగా ఉండింది.

"ఏమ్మాయ్, వాళ్లింకా తిని రాలేదా?" అంది లోపలి నుంచి అత్తగారు.

వస్తారత్తయ్యా అంది ఆమె, మామూలు గొంతుతోనే అంది, ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో మరి. అత్తగారు జీవితమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి, కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు గొంతుతోనే మనుషుల్ని జరిపిన మనిషి. ఆ గొంతు మొన్న చలికాలంలో ఒక తెల్లవారుజామున వినపడలేదు. బాత్‌రూమ్‌లో కాలు జారి పడి, తుంటి విరిగి, లోపల గడియ వేసి ఉండి, పిలిచే ఓపిక లేక చెంబుతో నేలమీద కొడుతూ పడి ఉంది. ఆ చప్పుడు విని పక్క వీధిలో ఎవరో ఏదో కొడుతున్నారనుకుంది తను. తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్లేసరికి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి, కోడల్ని చూసి సిగ్గుతో ముఖం తిప్పుకుంది. బట్ట కప్పమ్మా ముందు అంది. అందుకే ఈ పని. ఇంకెప్పుడూ ఆవిడ ఆ నేలమీద అలా పడకూడదని, ఒకరి చెయ్యి పట్టుకోకుండా వెళ్లి రావాలని. అత్తగారిని కాపాడడానికి చేయించిన పనే ఇప్పుడు అత్తగారి నెత్తిమీద... మళ్లీ సగంలో ఆగిన వాక్యం.

నెత్తిమీద. నెత్తిమీద ఏముంది? చప్పుడు వినిపిస్తోంది, ఇందాకటి నుంచీ వినిపిస్తూనే ఉంది, రోజూ వినే చప్పుడు కాబట్టి చెవి పట్టించుకోలేదు. నీళ్లు పడుతున్న చప్పుడు. డాబా మీద ట్యాంకు, సరిగ్గా ఈ మూలకే, ఈ పిల్లరు మీదే. మోటారు తనే వేసింది, పనివాళ్లకు నీళ్లు కావాలంటే. వేసి మరిచిపోయింది. వాళ్లు సగం కోసిన పిల్లరు నెత్తిన తను నీళ్లు ఎత్తుతోంది ఇంతసేపూ. పరుగెత్తి మోటారు కట్టేసింది. తరువాత వంటింట్లో కుళాయి తిప్పింది, సింకు పక్క కుళాయి తిప్పింది, బట్టలుతికే చోట కుళాయి తిప్పింది, అన్నీ పూర్తిగా వదిలేసింది. చుక్క కారితే లేచి వెళ్లి కట్టే మనిషి, ధారలు ధారలుగా పోతున్న నీళ్లను చూస్తూ, పోండి, తొందరగా పోండి అనుకుంటోంది.

నీళ్ల చప్పుడు మధ్య ఇంకో చప్పుడు. కింది నుంచి. కుట్టు మెషీను. గడగడమని కాసేపు, ఆగి, మళ్లీ గడగడమని. కిందింటి టైలరమ్మ. ఆవిడ మెషీను సరిగ్గా ఈ బాత్‌రూమ్ కిందే ఉంటుంది, ఈ పిల్లరే కిందికి దిగి ఆవిడ పక్కన నిలబడుతుంది, దానికే నిలువుటద్దం తగిలించుకుంది, వచ్చినవాళ్లు కొలతలిచ్చి అందులో చూసుకుంటారు. తను ఆ గదిలోకి వెళ్లి చాలా కాలమైంది. ఈ బాత్‌రూమ్ తడి ఆవిడ సీలింగు మీద మరకగా దిగి, ఆ మరక పెరిగి, ఒక పెళ్లికూతురి బట్టల మీద చుక్క పడిన రోజున మాటా మాటా పెరిగింది. నువ్వు కూడా మనిషివేనా అన్నదాకా వెళ్లింది. ఎవరన్నారు? తనే అంది. అప్పటి నుంచీ మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గోడ చూసుకుంటారు. ఇప్పుడు వెళ్లి ఏం చెప్పాలి? మొన్న తడి పంపించాను, ఇవాళ ఇల్లే పంపిస్తున్నాను అనా. ఇంజనీరు జవాబు రానీ. ఏమీ లేకపోతే అనవసరంగా భయపెట్టినట్టు, నవ్వులపాలు. ఏదో ఉంటే? ఆవిడ తల వంచుకుని కుడుతూ ఉంటుంది. పైకి చూడదు. ఈ ఆలోచన వచ్చాక కూడా ఆమె హాల్లోనే నిలబడి ఉంది, సిగ్గు కాళ్లను పట్టుకుంది, ఇంత భయంలోనూ సిగ్గు సిగ్గే, ఎంత వింత. మెషీను ఆగితే గుండె ఆగుతోంది, మళ్లీ గడగడలాడితే బతికే ఉందని ఊపిరి పీల్చుకుంటోంది.

ఫోను మోగింది. ఇంజనీరు. పలకరింపులేమీ లేవు, కింద ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారంది.

"అందర్నీ బయటికి తీసుకురండి. సామాను ఏదీ ముట్టుకోకండి. ఆ గుమ్మం వైపు అసలు వెళ్లొద్దు. నేను బయల్దేరాను, స్లాబుకు ఆసరా పెట్టే జాకీలతో మనుషులొస్తున్నారు."

"పడిపోతుందా అండీ?" అని అడిగింది ఆమె.

"తెలీదమ్మా. తెలీదు కాబట్టే బయటికి రమ్మంటున్నా."

తెలీదు. చూసుకుంటానుగా అన్నవాడి తరువాత ఇన్నాళ్లకు ఒక నిజమైన మాట విన్నట్టనిపించింది, ఆ మాటే ఆమె కాళ్లను కదిలించింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు. టైలరమ్మ తలుపు తీసే ఉంది. నోట్లో గుండుసూదులు పట్టుకుని, చేతిలో ఎవరిదో గౌను అంచు మడుస్తూ తలెత్తింది. ముఖం చూసి మళ్లీ దించుకోబోయింది. ఆమె అనుకున్న మాటలేవీ రాలేదు, క్షమించమనీ రాలేదు. పైన పిల్లరు కోసేశారు, బయటికి రండి అంది, అంతే. టైలరమ్మ కదల్లేదు. పక్కనున్న పిల్లరుని చూసింది, దాని మీది అద్దాన్ని చూసింది, ఒక్కొక్కటే గుండుసూదిని నోట్లోంచి తీసి దిండుకు గుచ్చింది. ఆ సూదులన్నీ అయ్యేదాకా ఆమెకు కేక పెట్టాలనిపించింది. చివరి సూది గుచ్చాక టైలరమ్మ లేచి నిలబడింది.

"మరి మీ అత్తగారో? ఆవిడ నడవలేదుగా."

"నడవలేదు."

"పదండి అయితే," అంటూ టైలరమ్మ బయటికి కాదు, మెట్లవైపు నడిచింది. మీరు రావద్దు, మీరు బయటికి వెళ్లండి అని ఆమె అంటూనే ఉంది, వెనకాలే ఎక్కుతూ అంటూనే ఉంది. ఒక్కదానివే ఎలా దించుతావని టైలరమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది. మీరు అనడం మానేసి నువ్వు అంది. పాత రోజుల్లో అలాగే అనేది.

గదిలో అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది, నీళ్ల చప్పుడు విని కుళాయిలన్నీ ఎందుకు వదిలావని కసురుతూ. టైలరమ్మని చూసి ఆగిపోయింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. బస్సులో ఏదో కాలుతున్న వాసన వస్తే ముందు డ్రైవరు ముఖం చూడాలని ఆవిడే ఎప్పుడో చెప్పింది. కళ్లజోడు పెట్టుకుని, సరే ఎలా తీసుకెళ్తారు నన్ను అని మాత్రం అడిగింది. చక్రాల కుర్చీ మెట్ల మీద దిగదు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక దుప్పటితో నడుముకు కట్టి, టైలరమ్మ కింది వైపు, ఆమె పై వైపు పట్టుకున్నారు. గది గుమ్మం దాటేటప్పుడు బాత్‌రూమ్ వైపు చూడకూడదనుకుంది, చూసింది. పిల్లరు పైన సీలింగులో ఒక సన్నటి గీత, వెంట్రుకంత, ఇందాక లేదు. లేదా? ఉండిందా? ఊడ్చినప్పుడు పైకి చూడలేదు. టిక్. ఈసారి ముగ్గురూ విన్నారు.

మెట్లు ఇరుకు. కుర్చీ కాళ్లు గోడకు గీసుకుంటున్నాయి. ఆమె చేతులు చెమటకు జారుతున్నాయి, వదిలేస్తే అత్తగారు, కింద టైలరమ్మ, ఇద్దరూ, నా చేతులమీదే, మెషీను పట్టినవాళ్లెవరూ ఇక్కడ లేరు, చూసుకుంటానన్నవాడు లేడు, నా చేతులే ఉన్నాయి. ఈ మెట్లు దేని మీద నిలబడి ఉన్నాయో కూడా తెలియదు, ఇన్నేళ్లుగా ఎక్కి దిగుతోంది, ఏ గోడ దేన్ని మోస్తుందో ఒక్కసారైనా అడిగిందా ఎవరినైనా. మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుంది. అప్పుడు అత్తగారు చేత్తో గోడను తోస్తూ, ఎడమకి కొట్టు, ఇంకొంచెం ఎడమకి, రైట్ రైట్ అంది, ఆ పాత గొంతుతోనే. టైలరమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతోనే దగ్గొచ్చింది, కుర్చీ కదిలింది.

బయట ఎండ మామూలుగా ఉంది. కూరగాయల బండి వెళ్తోంది. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరికీ ఏమీ తెలియదు. రోడ్డుకు అవతలి వైపు చెట్టు కింద కుర్చీ దించి ముగ్గురూ ఇంటిని చూస్తూ ఉండిపోయారు. ఇల్లు చూడముచ్చటగా ఉంది. కిటికీలో అత్తగారి తువ్వాలు గాలికి ఊగుతోంది. వాళ్ల కోత మెషీను మోత మారడం నాకు వినిపించిందే అంది అత్తగారు మెల్లగా, మెత్తగా పోయేది ఒక్కసారి కీచుమంది, ఏమిట్రా అది అని అడిగితే, ఏం కాదు మామ్మా, పడుకో అన్నారు. పడుకున్నాను. నాకు తెలియదులే అనుకున్నాను. ఆవిడ ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు, తుంటి విరిగిన రోజు కూడా, ఇప్పుడు చూస్తోంది. టైలరమ్మ తన మెడలోని కొలత టేపు తీసి ఉండచుట్టి, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది.

ఇంజనీరు వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, తలమీద పసుపు టోపీ. వెనకే లారీలో ఇనుప జాకీలు. ఆవిడ లోపలికి వెళ్లిన తరువాతి సమయమంతా ఆమెకు ఒకే ముద్దగా గుర్తుంటుంది. జాకీల ఇనుము మెట్లకు తగులుతున్న చప్పుడు, ప్రతి చప్పుడుకూ కళ్లు మూసుకోవడం, తెరిచి చూస్తే ఇల్లు ఉండడం, ఎవరో మనిషి తన ఇంటి కోసం ఆ పిల్లరు పక్కన నిలబడి ఉందన్న భయం, ఆవిడ కూడా ఎవరి తల్లో, అక్కో అన్న ఆలోచన. కింద టైలరమ్మ గదిలో ముందు జాకీలు నిలబెట్టారు, తరువాత పైన. ట్యాంకు ఖాళీ చేయించారు. ఇంజనీరు బయటికి వచ్చి టోపీ తీసి నుదురు తుడుచుకుంది. ప్రస్తుతానికి నిలబెట్టామంది. పిల్లరు మళ్లీ కట్టేదాకా రెండిళ్లలోకీ ఎవరూ వెళ్లకూడదంది. కుళాయిలు వదలడం మంచి పని చేశావంది. ఆ మాటకు ఆమె పేవ్‌మెంటు మీద కూర్చుండిపోయింది.

"ఎవరు కోశారమ్మా దీన్ని?" అని అడిగింది ఇంజనీరు.

నోరు తెరిచింది ఆమె. ఇద్దరు మనుషులు. ఒకడు పొడుగు. పేర్లు తెలియవు. అడగలేదు. మేస్త్రీ పేరూ నిజానికి తెలియదు, ఫోనులో బాత్‌రూమ్ అని ఉంది, ఇంట్లో చూసుకుంటాగారు. ఎక్కడుంటాడో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో, ఏదైనా జరిగితే ఎవరి తలుపు తట్టాలో, ఏదీ తెలియదు. ఇంటి తాళంచెవి మాత్రం ఇచ్చింది.

ఫోను మోగితే భర్త అనుకుంది. కొత్త నంబరు. ఎవరో ఆడమనిషి, గుసగుసగా మాట్లాడుతోంది, పక్కన ఎవరో వింటారన్నట్టు. మీ నంబరు మేస్త్రీ ఇచ్చాడండీ, మీ ఇంట్లో బాత్‌రూమ్ పని ఆయనే చేశాడట కదా, మీరు చాలా మెచ్చుకున్నారట, ఒకసారి కనుక్కుందామని చేశాను, ఏమనుకోకండి అంది. మాటిచ్చేశామండీ, మనుషులు కూడా వచ్చేశారు, అయినా నా మనసు ఎందుకో ఆగక వంటింట్లోకి వచ్చి చేస్తున్నాను, బాగా చేస్తారా అండీ?

ఆ గుసగుస వెనక, దూరంగా, మెషీను మోత. మెత్తగా పోతోంది ఇంకా. ఇటుకలో పోతున్న మోత.

"మీరు వెంటనే వెళ్లి ఆపమనండి," అంది ఆమె.

"అయ్యో, ఇప్పుడే మొదలెట్టారండీ, ఎలా ఆపమంటాను, ఏమనుకుంటారో..."

"ఏమైనా అనుకోనివ్వండి. ఫోను పెట్టేయకండి. చేతిలో పట్టుకునే వెళ్లండి, నేను వింటూ ఉంటాను. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

పాప నిద్రపోతోందండీ అంది అవతలి గొంతు, అందులోకి అప్పుడే భయం దిగినట్టుంది, గుసగుస పోయింది. తరువాత మాటలు లేవు. చెప్పుల చప్పుడు, ఏదో తలుపు, దగ్గరవుతున్న మోత. ఆమె రెండు చేతులతో ఫోనును చెవికి అదుముకుంది. అత్తగారు, టైలరమ్మ, ఇంజనీరు, ముగ్గురూ ఆమె ముఖమే చూస్తున్నారు. మోత పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, అందులోంచి ఆ పరాయి ఆడమనిషి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది, ఆపండి అని, ఆగకపోతే మళ్లీ ఆపండి అని.

ఆగింది.